ఎర్రబడ్డ పంచె

కోవిల్‌పట్టి,
2 ఫిబ్రవరి 1937.

పూజ్యులు బావ రామకృష్ణన్ గారికి వెళ్ళైసామి నమస్కారాలు.

అందరం క్షేమమని మొదలుపెట్టడం మనకు అలవాటు. రంగమ్మాళ్, పిల్లలు, ఎద్దులు క్షేమమే. నా సంగతి మాత్రం వేరు. అది చెప్పడానికే ఈ జాబు.

ఎప్పుడూ కార్డు ముక్క రాసేవాడు ఈసారి కవరు పంపాడేమిటని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. మనిద్దరం చిన్నప్పుడు ఒకే అయ్యవారి ముందు ఇసకలో తెలుగు అక్షరాలు దిద్దుకొన్నాం. అది ఈనాటికి అక్కరకు వచ్చింది. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా చదివేది అరవం. ఈ జాబు ఎవరి చేతిలో పడినా భయం లేదు. మీరు కూడా తెలుగులోనే జవాబు రాయండి. అక్కకు మాత్రం చదివి వినిపించవద్దు.

మా పిల్ల కృష్ణమ్మాళ్ పెళ్ళి ఆగస్టులో, ఆవణి రాగానే, అనుకొన్నాం కదా. దాన్ని వైకాసికి, అంటే మూడు నెలలు ముందుకు జరపమని నాగలాపురం వెంకటరామన్ గారితో మీరు మాట్లాడాలి. సంబంధం కుదిర్చింది మీరు గనక మీ మాట ఆ వియ్యంకుడు కాదనడు. కారణం ఏదో ఒకటి చెప్పండి. అసలు కారణం ఏమిటంటే, ఆవణి దాకా నేను ఉంటానన్న నమ్మకం నాకు లేదు.

నాలుగేళ్ళుగా నాకు మూత్రంలో మంట. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. రెండు మూడు నెలలకొకసారి చలిజ్వరం, నడుము కింద బరువు. నాటు వైద్యుడి చూర్ణాలన్నీ అయ్యాయి. నన్నారి వేళ్ళ కషాయం తాగి తాగి ఆ వాసనంటేనే వెగటు పుట్టింది. నాన్నకు కూడా ఇలాగే మొదలైందని మీకు గుర్తుండే ఉంటుంది. పదేళ్ళు మంటతో తిరిగాడు. ఆ తర్వాత మూత్రం బిగిసింది, తుంటి ఎముక నొప్పి పట్టింది, చివరికి రక్తం పడింది. మదురై నుంచి వచ్చిన డాక్టరు మూత్రసంచి కింది గ్రంథిలో రాచపుండు అన్నాడు. 1919లో మీరే పాడె మోశారు. అదే దారిలో నేనూ నడుస్తున్నాను బావా. నాకు యాభై ఒకటి. భయంగా ఉంది.

ఇంకొక మాట. ఇలాంటి రోగం తిరుగుబోతులకే వస్తుందని ఇక్కడి వాళ్ళ నమ్మకం. వెంకటరామన్ గారి చెవిన పడితే సంబంధం వెనక్కి పోతుంది. అందుకే కట్టుకున్న రంగమ్మాళ్‌కి కూడా చెప్పలేదు.

మీ
వెళ్ళైసామి


విరుదునగర్,
6 ఫిబ్రవరి 1937.

వెళ్ళైసామికి,

నీ జాబు రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాను. రెండోసారికి ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు దాచావా? ఎద్దు ఒక పూట మేత ముట్టకపోతే ఎట్టయాపురం పశువైద్యుడి దాకా తోలుకొని పోయే మనిషివి, నీ ఒంటికి నాలుగేళ్ళు నన్నారి పోసి కూర్చున్నావా?

పెళ్ళి తేదీ గురించి నేను ఎవరితోనూ ఏమీ మాట్లాడను. ముందు నువ్వు రా.

ఇక్కడ బజారు వెనక వీధిలో జ్ఞానముత్తు అని ఒక డాక్టరు ఉన్నాడు. మదరాసులో చదువుకొని వచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఇలాంటి రోగాల వాళ్ళనే చూస్తాడు, అప్పుడు ఆడవాళ్ళెవరూ ఉండరు. వచ్చే గురువారం పొద్దుటి రైలెక్కు. పత్తి విత్తనాలు చూడబోతున్నానని ఇంట్లో చెప్పు, అది అబద్ధం కాకుండా నేను నిజంగానే ఒక సంచి ఎత్తి ఉంచుతాను.

డాక్టరు ఏం చేస్తాడో ముందే చెబుతున్నాను, అక్కడికి వచ్చాక పారిపోకుండా. వెనక వైపు నుంచి వేలు పెట్టి ఆ గ్రంథిని తడిమి చూస్తాడు. అది తెలుసుకోవడానికి వేరే దారి లేదట. ముప్ఫై ఏళ్ళుగా నేను ఈ పత్తి మండీలో చేస్తున్న పని ఏమిటి? గోనె బోరెం పైనున్న పత్తి చూసి రకం చెప్పేవాడు మోసపోతాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమి పత్తి లాగి, పీచు చూడాలి. ఏ బోరెమూ నా ముందు ఇంతవరకు సిగ్గుపడలేదు. నువ్వూ ఒక గంట సేపు బోరెమైపో.

మీ అక్కకు చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు కష్టంగానే ఉంది. ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ దగ్గర నేను దాచిన మొదటి కవరు ఇదే.

నీ
రామకృష్ణన్


కోవిల్‌పట్టి,
15 ఫిబ్రవరి 1937.

బావగారికి నమస్కారాలు.

ఇల్లు చేరాను. విత్తనాల సంచి రంగమ్మాళ్‌కి చూపించాను. ఈ విత్తనాల కోసమా ఒక పూట కూలీలను ఒదిలేసి పోయింది అని అడిగింది. అవునన్నాను.

గురువారం నాడు నాకు మీతో నోరు పెగల్లేదు. ఆ గదిలో నుంచి ఎప్పుడు బయట పడదామా అని ఒకటే తొందర. పంచె సర్దుకోగానే మిమ్మల్ని డాక్టరు దగ్గరే వదిలి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా వెళ్ళేవాళ్ళందరికీ నా మొహం చూస్తే తెలిసిపోతుందేమో అనిపించింది. ఆ తర్వాత స్టేషనులో వెంకటరామన్ గారు తగులుకొని రైలు కదిలేదాకా మన మధ్యలోనే కూర్చున్నారు, ఇక మాటెక్కడిది. ఆయన దిగేదీ కోవిల్‌పట్టిలోనే గదా, దారి పొడుగునా వానల మీద మాట్లాడారు. నేను ఊ కొట్టాను. అందుకే లోపల జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే నాకు కూడా కాస్త తెరిపి ఇస్తుంది.

డాక్టరు తడిమినప్పుడు వచ్చిన చుక్కను గాజు ముక్క మీద వేసి మైక్రోస్కోపులో చూశాడు. చీము ఉందన్నాడు. సూక్ష్మక్రిములు ఆ గ్రంథిలో కాపురం పెట్టాయట. మందు వేస్తే అణుగుతాయి, ఆపితే మళ్ళీ లేస్తాయి. తిరుగుబోతుతనం వల్లనే రావాలని ఏమీ లేదు, ఎవరికైనా వస్తుందని కూడా చెప్పాడు. ఆ మాటకి నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. మిగతా సగం ఆయన తర్వాతి మాటతో పోయింది. గ్రంథికి ఎడమ వైపు శనగ గింజంత గట్టిగా తగిలిందట.

అది రాచపుండేనా అని అడిగాను. చెప్పలేనన్నాడు. చాలా కాలం చీము పట్టి ఉన్నచోట కూడా అలా గట్టిపడుతుందట, రాచపుండు కూడా అలాగే గట్టిగా తగులుతుందట. ఈ చీమే ముదిరి రాచపుండు అవుతుందా అని అడిగాను. దానికి ఆయన అరవంలో చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. “నాకు తెలియదు. పుస్తకాల్లో ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు, ఎవరూ రుజువు చేయలేదు. తెలిసినట్టు చెప్పేవాణ్ణి నమ్మకు.” నాటు వైద్యుడు ఏనాడూ తెలియదన్న మాట అనలేదు. ఈయన అన్నందుకు నాకెందుకో ఈయన మీద గురి కుదిరింది.

ఆరు వారాలు జర్మనీ నుంచి వచ్చిన కొత్త ఎర్ర మాత్రలు వేసుకోవాలి. రోజూ రెండు పూటలా వేడినీళ్ళలో నడుము మునిగేలా కూర్చోవాలి. ఆ తర్వాత మళ్ళీ చూస్తాడు. గింజ మెత్తబడితే అది చీము చేసిన పని. రాయిలా అలాగే ఉంటే మదరాసు పోయి ముక్క తీయించి పరీక్ష చేయించాలి. అంటే ఈ ఆరు వారాల్లో నా సంగతి తేలిపోతుంది.

మా ఇంట్లో నడుము మునిగే పాత్ర ఒకటే ఉంది, ఎద్దుల కుడితి తొట్టి. దాన్ని మూడుసార్లు కడిగించి అందులో కూర్చుంటున్నాను. నడుము నొప్పికని చెప్పాను. ఎద్దులు రెండూ నన్నే చూస్తుంటాయి.

మీ
వెళ్ళైసామి


విరుదునగర్,
1 మార్చి 1937.

వెళ్ళైసామికి,

తొట్టి సంగతి చదివి మండీలో ఒక్కణ్ణే నవ్వుకొంటుంటే గుమాస్తాలు వింతగా చూశారు. ఏం చెప్పను వాళ్ళకి.

రెండో విడత మాత్రలు ఈ పొట్లంలో పంపుతున్నాను. మధ్యలో ఆపకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. జ్వరం వచ్చిందా? మంట తగ్గిందా? రెండు మాటల్లో రాయి. మీ అక్క పట్టమ్మాళ్ నీ మీద ఆరా తీస్తూనే ఉంది, తమ్ముడు వచ్చి ఇంటికి రాకుండా పోయాడేమని. రైలుకు వేళయిందని సర్ది చెప్పాను. నమ్మలేదు.

వెంకటరామన్ మొన్న మండీకి వచ్చాడు. నీ వియ్యంకుడు మంచివాడే, మాటలే కాస్త ఎక్కువ. పెళ్ళి పనులు బాగా సాగుతున్నాయన్నాడు. ఆవణికే.

నీ
రామకృష్ణన్


కోవిల్‌పట్టి,
9 మార్చి 1937.

శ్రీయుత బావగారికి,

మీ జాబు, పొట్లం చేరాయి. ఇక్కడ విశేషాలేమీ లేవు. పత్తి కాయలు పగులుతున్నాయి.

పెళ్ళి వైకాసికి జరపమని వెంకటరామన్ గారికి నేనే రాశాను. మీకు శ్రమ ఇవ్వడం ఇష్టం లేకపోయింది. మా పిల్లవాడు బాలసుబ్రమణియన్‌కు ఇరవై రెండు వచ్చాయి, సేద్యం తెలుసు, కానీ పెద్దవాళ్ళతో మాట్లాడటం రాదు. ముందు ముందు వాణ్ణి మీరు చూసుకోవాలి. ఇకమీదట మందు గురించి అడగవద్దని మనవి.

ఇట్లు,
వెళ్ళైసామి


విరుదునగర్,
12 మార్చి 1937.

వెళ్ళైసామికి,

తాసిల్దారుకు అర్జీ పెట్టుకొన్నట్టుంది నీ జాబు. నేను నీకు శ్రీయుతుణ్ణి ఎప్పుడయ్యాను? ‘మనవి’ అట.

మందు గురించి అడగవద్దన్నావు. అడుగుతున్నాను. ఏం జరిగింది? జ్వరం పెరిగిందా? మాత్రలు పడలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వు చెప్పకపోతే ఆదివారం నేనే రైలెక్కి వచ్చి నీ తొట్టి పక్కన కూర్చుంటాను. మీ అక్కను కూడా వెంటబెట్టుకొని వస్తాను. అప్పుడు ఎవరెవరికి ఏం తెలుస్తుందో నా చేతుల్లో ఉండదు.

నాకు భయమేస్తోందిరా. ఇంతకంటే ఏం రాయను.

నీ
రామకృష్ణన్


కోవిల్‌పట్టి,
18 మార్చి 1937.

బావగారికి నమస్కారాలు.

ఈ జాబు నాది కాదు. రంగమ్మాళ్ చెబుతోంది, నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా ఒప్పుకోదట. ఆమెకు తెలుగు చదవడం రాదు గనక వాక్యం రాయగానే చదివించుకొంటోంది. ఇక కింద ఉన్నవన్నీ ఆమె మాటలే.

“అన్నా, నేను రంగమ్మాళు. మీ బామ్మర్ది చేతనే రాయిస్తాండాను. తెలుగు అచ్చరాలు తెలిసినోడు ఇంట్లో ఈయనొక్కడే కదా. రెండు నెల్లుగా మీరిద్దురూ నాకు తెలీకుండా కవర్లు రాసుకొంటాండారు. నడుము నొప్పి అని సెప్పి మనిషిని కుడితి తొట్లో కూసోబెట్టినారు. సరే. ఇప్పుడు నేను సెప్పేది వినండి.

ఈయన పన్నెండు నాళ్ళుగా మాత్ర మింగల్యా. తీసకపోయి విత్తనాల కుండలో దాసినాడు. నేను కుండ దించితే దొరికినాయి. నాలుగు నాళ్ళుగా మళ్ళా జొరం. ఏమని అడిగితే నోరు తెరవల్యా. నిన్న పొద్దున గట్టిగా అడిగితే అప్పుడు సెప్పినాడు, నాయనకి మాదిరే నాకూ రత్తం పడింది, ఇంక మందు యాల అని. సెప్పి ఏడిసినాడు. ఏడిసింది రాయనన్నాడు. రాయమన్నాను.

అన్నా, ఈయన పంచెలు ఉతికేది నేను. మరక నేనూ చూసినాను, రొంబ నాళ్ళ ముందే చూసినాను. తొట్లో ఏ మందు కలిపినారో ఏమో, దాని రంగు అని ఊరుకొన్నాను. రత్తమైతే చన్నీళ్ళలో పిండితే సగం పోతాది. మిగిలింది ఎండితే నల్లంగా అవుతాది. ఇది పిండినా పోల్యా, ఎండినా నల్లంగా కాల్యా, ఎర్రంగానే ఉండాది. రత్తం సంగతి మొగోళ్ళకి ఏం తెలుసు? పదమూడో ఏటి నుంచి నెలనెలా ఉతికినోళ్ళం మేము.

ఇంకొకటి సెప్తాను, ఇది ఈయనకి కూడా ఇప్పుడే సెప్తాండాను. మామ పోయేదానికి ముందు ఒక సంవత్సరం ఆయన పంచెలు అత్తా నేనూ ఉతికినాం. అది రత్తం. మామ ఎవురికీ సెప్పల్యా. అత్త నన్ను సెప్పొద్దనింది. నేను చిన్న వయసుదాన్ని, సెప్పల్యా. మదురై డాక్టరు వొచ్చేలోగా ఒక సంవత్సరం పోయింది. ఆ పాపంలో నాకూ ఒక పాలు, పంగు ఉండాది. ఇప్పుడు నోరు మూసుకొని కూసోను.

ఒక మాత్రని దంచి నీళ్ళలో ఏసినాను. దూది ముంచి ఆరబెట్టినాను. అదే రంగు. ఆ దూదిని ఈ కవర్లో పెట్టినాను. పంచె కొస చించి అదీ పెట్టినాను. మండీలో మీరు పత్తిని చూసేటట్ల రెండూ చూడండి, డాక్టరుకు చూపించండి. పెండ్లి ఆవణిలోనే. ఈయన సంగతి ఊరు ఏమనుకొంటే నాకేమి. ఇరవై ఆరు సంవత్సరాలుగా సంతకు పోయినా పొద్దు గూకేలోపల ఇంటికి వొచ్చే మనిషి, ఈయన ఎక్కడికి తిరిగేది?”

ఇంతవరకు ఆమె మాటలు. ఇది నా మాట. బావా, నాన్న సంగతి ఈ పొద్దే విన్నాను. ఆమె చెప్పింది నిజమేనంటారా? మీరు డాక్టరును అడిగి రాసేదాకా నేను ఏమీ అనుకోను.

వెళ్ళైసామి


విరుదునగర్,
21 మార్చి 1937.

వెళ్ళైసామికి, రంగమ్మాళ్‌కి,

ఇది ఇద్దరికీ. వెళ్ళైసామీ, గట్టిగా చదివి వినిపించు.

అమ్మా రంగమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కవరు అందిన గంటలో డాక్టరు ముందు నిలబడ్డాను. దూదినీ గుడ్డ ముక్కనీ కిటికీ దగ్గర పట్టుకొని చూశాడు. పంచె కొసను మైక్రోస్కోపు కింద కూడా పెట్టాడు. రక్తం లేదన్నాడు. ఆ మందు అసలు ఒక రంగు నుంచి పుట్టిందట. మింగితే మూత్రం ఎర్రబడి తీరుతుందట. ఎర్రబడితేనే మందు ఒంట్లోకి పోతున్నట్టు లెక్కట. ఈ పరీక్ష ఎవరు చేశారని అడిగాడు. మా చెల్లెలని చెప్పాను. తన దగ్గర పనికి వస్తుందేమో కనుక్కోమన్నాడు.

వెళ్ళైసామీ, ఇప్పుడు నేను చెప్పవలసింది చెబుతాను. రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. మూత్రం ఎర్రబడుతుందని ఆ గురువారమే డాక్టరు నాతో చెప్పాడు. నువ్వు వీధిలోకి పోయి నిలబడినప్పుడు. భయపడకుండా ముందే చెప్పి ఉంచమన్నాడు. స్టేషనుకు నడిచే దారిలో నీ మొహం చూసి, కాస్త తేరుకోనిద్దాం, రైలు వచ్చేలోగా చెబుదాం అనుకొన్నాను. తీరా అక్కడ వెంకటరామన్ మన ఇద్దరి మధ్యలో కూర్చున్నాడు. పిల్లనిచ్చే చోట, వియ్యంకుడి చెవిన పడేలా ఆ మాట ఎలా అనను? జాబులో రాద్దామనుకొన్నాను. మరచిపోయాను.

అంతే అయితే నన్ను నేను క్షమించుకొనేవాణ్ణి. రెండో విడత మాత్రలు కట్టేటప్పుడు గుర్తొచ్చింది. మూడు వారాలవుతోంది గదా, ఈ పాటికి చూసే ఉంటాడు, కంగారుపడితే అడిగేవాడే, ఇప్పుడు అలాంటి మాట రాయడం దేనికి అని ఊరుకొన్నాను. నిన్ను బోరెం కమ్మని ఎగతాళి చేసిన నేను, ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి సిగ్గుపడ్డాను. నా సిగ్గు కోసం నువ్వు పన్నెండు రోజులు చావు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నావు. చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తోంది. నన్ను మన్నించు.

మధ్యలో ఆపడం వల్ల క్రిములు మళ్ళీ లేచాయి, అందుకే జ్వరం. మళ్ళీ మొదటి రోజు నుంచి ఆరు వారాలు లెక్క. గింజ సంగతి మాత్రం ఆయన ఇప్పటికీ ఏమీ చెప్పడం లేదు. రక్తం కాదు గనక రాచపుండు కాదని నేనంటే, తొందరపడవద్దన్నాడు. మాత్రలు అయ్యాక ఒక వారం ఆగి, మే 13 గురువారం రావాలి. కొత్త మాత్రలు ఇందులో ఉన్నాయి. రంగమ్మా, కుండల్లో వెతుకుతూ ఉండు.

మీ అక్కకు అంతా చెప్పాను. నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

రామకృష్ణన్


కోవిల్‌పట్టి,
25 ఏప్రిల్ 1937.

బావగారికి నమస్కారాలు.

మన్నించమన్నారు. మీరు చెప్పి ఉంటే నేను భయపడేవాణ్ణి కాదు. నేను అడిగి ఉంటే మీరు చెప్పేవారు. ఇద్దరం సమానమే. ఇక ఆ మాట వద్దు.

నెల దాటింది. జ్వరం రాలేదు. మంట తగ్గింది, కొన్ని రోజులు అసలు లేదు. మాత్ర మింగేటప్పుడు రంగమ్మాళ్ ఎదురుగా నిలబడుతుంది, మింగాక నోరు తెరిచి చూపించమంటుంది. తొట్టి నాకే ఇచ్చేసి ఎద్దులకు కొత్తది చేయించింది. పొద్దున లేవగానే పంచె చూసి, ఎర్రగానే ఉండాది, మందు పని చేస్తాంది అంటుంది. పెళ్ళయిన కొత్తలో కూడా మేమింత మాట్లాడుకోలేదు.

వెంకటరామన్ గారు వచ్చారు. వైకాసికి జరపమని ఆ పిచ్చి రోజుల్లో నేను రాసిన జాబుకు కారణం అడగడానికి. నేను నీళ్ళు నములుతుంటే రంగమ్మాళ్ తలుపు వెనక నుంచి రెండడుగులు ముందుకొచ్చి అంతా చెప్పేసింది. మంట, చీము, గింజ, మాత్రలు, ఎర్ర రంగు, ఏదీ వదలలేదు. నేను తలెత్తలేదు. సంబంధం పోయిందనే అనుకొన్నాను. ఆయనంత మాటకారి మజ్జిగ కూడా తాగకుండా లేచి వీధి అరుగు దాకా పోయి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి నన్నొకటే అడిగారు. “ఆ డాక్టరు గురువారాలు మాత్రమేనా, మిగతా నాళ్ళూ ఉంటాడా?”

నేను ఆయన మొహం చూశాను. ఆయన వేరే వైపు చూశారు. గురువారాలే నయం, ఆడవాళ్ళుండరు అని చెప్పాను. పెళ్ళి ఆవణికే ఖాయమైంది.

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఒంట్లో బాగుంటే భయం తగ్గాలి గదా. పోగొట్టుకోవడానికి ఇప్పుడు ఎక్కువ ఉన్నట్టుంది, అందుకే కొంచెం పెరిగింది.

మీ
వెళ్ళైసామి


కోవిల్‌పట్టి,
16 మే 1937.

బావగారికి నమస్కారాలు.

మీ యజమాని మిమ్మల్ని పత్తి బేళ్ళతో ఆ వారమే తూత్తుక్కుడి పంపాలా? మీరు లేరని తెలిసి గురువారం రంగమ్మాళ్ నాతో వచ్చింది. ఆడవాళ్ళు రారు అక్కడికి అంటే, వీధిలో నిలబడతాను అంది. నిలబడలేదు. లోపలి బల్ల మీద కూర్చుంది. మిగతా మగవాళ్ళందరూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

తూత్తుక్కుడిలో మీరు నిద్రపోయి ఉండరని తెలుసు గనక ముందే రాస్తున్నాను. గింజ మెత్తబడింది.

డాక్టరు చాలాసేపు చూశాడు. ఒకసారి ఆపి చెయ్యి కడుక్కొని మళ్ళీ చూశాడు. ఆ రెండోసారి నా ప్రాణం నా దగ్గర లేదు. చివరికి, శనగ గింజ దొరకడం లేదన్నాడు. ఆ చోట కొంచెం బిరుసుగా ఉందట, పుండు మాని మచ్చ కట్టినట్టు. రాయి మాత్రం కాదు. గాజు ముక్క మీద చీము కూడా దాదాపు లేదు. మదరాసు పోనక్కర్లేదు. రంగమ్మాళ్‌ను లోపలికి పిలిచి ఆమెకు కూడా అదంతా మళ్ళీ చెప్పాడు. ఆమె చెంగు నోట్లో కుక్కుకొని గోడకు ఆనుకొంది.

ఇక మా నాన్న రోగం నాకు రాదా అని అడిగాను. ఆ మాట తాను చెప్పలేనన్నాడు. మా నాన్నకు చీమూ రాచపుండూ రెండూ ఉండి ఉండవచ్చట. ఒకదాని నుంచి ఒకటి పుట్టిందని చూసినవాళ్ళెవరూ లేరట. చీము మళ్ళీ లేచినా లేవవచ్చు. తెలియనప్పుడు చేయగలిగింది ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవడం, మంట వస్తే దాచకపోవడం. నా కొడుక్కి కూడా ఈ సంగతి తెలిసి ఉండాలన్నాడు. ముందు ముందు ఇంతకంటే మంచి మందులు వస్తాయనీ, అప్పటిదాకా నన్ను నేను జాగ్రత్తగా ఉంచుకోవడమే నా పని అనీ అన్నాడు. నాకది చాలు. నాలుగేళ్ళలో ఎవరూ నాకు ముందు ముందు అన్న మాట చెప్పలేదు.

కోవిల్‌పట్టి స్టేషనుకు బాలసుబ్రమణియన్ బండి కట్టుకొని వచ్చాడు. ఎండ ఇంకా తగ్గలేదు. రంగమ్మాళ్ బండి వెనక కూర్చుని మోచేత్తో నన్ను పొడిచింది, ఇప్పుడే చెప్పమని. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాన్న నాకు చెప్పలేదు, నేను వీడికి ఎలా చెప్పాలో ఎవరి దగ్గర చూసి నేర్చుకోను? అయినా చెప్పాను. నా రోగం చెప్పాను. తర్వాత వాళ్ళ తాత సంగతి చెప్పాను. మూత్రం బిగియడం, తుంటి నొప్పి, మా అమ్మా, వీడి అమ్మా పంచెలు ఉతకడం, ఎవరూ ఎవరికీ చెప్పకపోవడం, అన్నీ.

వాడు ఎద్దులనే చూస్తూ విన్నాడు. నల్లరేగడి చేలు దాటేదాకా తోలుతూనే ఉన్నాడు. నా మీద కోపం వచ్చిందేమో, అసహ్యపడ్డాడేమో అనుకొన్నాను. తర్వాత బండి ఆపాడు. ఆపి వెనక్కి తిరిగి అడిగాడు.

“తాతకి రొంబ నొప్పి ఉండెనా నాయనా?”

నాన్న పోయి పద్దెనిమిదేళ్ళయింది బావా. ఆయనకు ఎంత నొప్పి ఉండిందని మా ఇంట్లో ఒకరు అడగడం ఇదే మొదటిసారి. ఆయన మంచం పక్కన రోజూ కూర్చున్న నేను కూడా ఏనాడూ అడగలేదు.

అవును, చాలా ఉండింది అని చెప్పాను. ముగ్గురం ఆ బండిలోనే కూర్చుని ఏడ్చాం. ఆ తర్వాత ఇంటికి పోయి భోంచేశాం.

మీ
వెళ్ళైసామి